జీతమని చెప్పిన ఇద్దరం

నారాయణఖేడ్‌లో నేను పాఠాలు చెప్పిన బడిలో జీతం అనే మాట ఎవరూ అనరు. నెల మొదట్లో ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరం హాల్లో వరుసగా కూర్చుంటాం. దేవుడి పటం ముందు పెద్ద ఇత్తడి పళ్లెం ఉంటుంది. అందులో కవర్లు. ప్రతి కవరుకు మూలల్లో పసుపు, పైన తమలపాకు, వక్క. బడిని నడిపే ధర్మసంస్థ కార్యదర్శి ఒక్కొక్కరినీ పిలుస్తాడు. వెళ్లి వంగి, రెండు చేతులూ చాపి కవరు అందుకుని, కళ్లకద్దుకుని, దేవుడికి వీపు చూపకుండా వెనక్కి నడుచుకుంటూ వచ్చి కూర్చోవాలి. దాన్ని ప్రసాదం అంటారు. నెలంతా గొంతు పోయేలా చెప్పిన పాఠాలకు, పొగలో దగ్గుతూ వండిన అన్నానికి, హాస్టల్లో కడిగిన మరుగుదొడ్లకు వచ్చేది ప్రసాదం.

ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు ఒళ్లు మండుతోంది. ప్రసాదం ఎప్పుడిస్తారని ఎవరైనా అడుగుతారా? అడగరు. పోయినసారి కన్నా తక్కువ పెట్టారేమిటని గుడిలో ఎవరైనా పూజారిని నిలదీస్తారా? నిలదీయరు. ఆ పేరు పెట్టినవాడు ఎవడో గానీ మహా తెలివైనవాడు. ఒక్క మాటతో మా నోళ్లన్నీ కుట్టేశాడు.

ఆ సాయంత్రం ఎవరైనా బయట చేరి ఉంటే పళ్లెం దగ్గరికి రాకూడదు. తలస్నానం చేసి వచ్చేదాకా ఆమె కవరు దేవుడి దగ్గరే ఉంటుంది. ఒకసారి నాకూ అలాగే అయింది. ఇంట్లో గ్యాస్ అయిపోయి, బండ తెచ్చినవాడు గుమ్మంలో నిలబడితే, నా ప్రసాదం ఇంకా దేవుడి దగ్గరే ఉందని వాడికి ఎలా చెప్పను? మళ్లీ రమ్మని పంపించి, పక్కింట్లో అడిగి వండుకున్నాను. అప్పుడు నవ్వుకున్నాను కూడా. నవ్వే వయసు, నవ్వే తీరిక ఉన్నాయి.

నేను దేవుణ్ణి నమ్మని దాన్ని కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత నా మీద పడ్డ మొదటి నింద అదే. మాది మనూరు పక్క పల్లె. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. మా అమ్మ నన్ను నడుమెత్తు ఉన్నప్పటి నుంచి బోరంచ నల్లపోచమ్మ దగ్గరికి తీసుకుపోయేది. పెళ్లయి ఖేడ్‌కు వచ్చాక కూడా ఏడాదికోసారి వెళ్లి మొక్కు చెల్లించుకుంటాను. దేవుడి సంస్థ నడిపే బడి అనే ఇష్టంగా ఆ ఉద్యోగంలో చేరాను. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. సైన్సు చెప్పేదాన్ని. పొలాల్లో కందికి పురుగు పడితే ఆ పురుగునే డబ్బాలో పట్టుకొచ్చే పిల్లలు నా క్లాసులో ఉండేవాళ్లు. ఆ బడి అంటే నాకు నిజంగా ఇష్టం.

నా మొదటి కాన్పు ఆరో నెలలో పోయింది. బడిలో ఉండగానే నొప్పి మొదలైంది. బల్ల పట్టుకుని నిలబడి పాఠం పూర్తి చేసి, ఆటోలో దవాఖానకు పోయాను. అప్పటికే ఆలస్యమైంది. దాని గురించి ఇంతకన్నా రాయలేను. రెండోసారి నెల తప్పినప్పుడు డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. ఐదో నెల దాటాక మంచం దిగొద్దు, నిలబడే పని వద్దు, బస్సు, ఆటో అసలే వద్దు అంది. ఈసారి కూడా పోతే మళ్లీ నిలవడం కష్టమని మా ఆయనతో విడిగా చెప్పిందట. ఆయన ఆ మాట నాకు చాలా రోజులు చెప్పలేదు.

అంటే నాకు కావలసింది కాన్పు సెలవు. బిడ్డను కని, కొంచెం పెంచి, తిరిగి వచ్చి నా క్లాసులో నిలబడడం. నాకు బిడ్డా కావాలి, నా క్లాసూ కావాలి. రెండూ అడగడం అత్యాశ అని నేను అనుకోలేదు. ఇప్పటికీ అనుకోవడం లేదు.

కార్యదర్శి గదికి వెళ్లాను. ఆయన సర్కారు కొలువు చేసి రిటైరైన మనిషి. నెలనెలా పెన్షన్ బ్యాంకులో పడుతుంది. దాన్ని ఏ పళ్లెంలోనూ పెట్టరు, ఆయన దానికి ఏ రోజూ వంగి దండం పెట్టలేదు. మనిషి మెత్తగా మాట్లాడతాడు. ఎవరినీ కసిరింది నేను చూడలేదు.

"సార్, డాక్టరమ్మ పండుకొని ఉండాలన్నది. నాకు కానుపు సెలవు కావాలె" అన్నాను.

"సెలవేందమ్మా? దేవుని పనికి సెలవుంటదా?" అని నవ్వాడు. "అయినా మనం కానుపుకు సెలవిస్తనే ఉన్నం గద. పురుడైనంక ఇరువై ఒక్క రోజు మైల. అన్ని దినాలు గేటు లోపటికి రావొద్దని శాస్త్రమే చెప్తది. అదే నీ సెలవు."

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నేను ఒళ్లు కూడదీసుకోవాలని, బిడ్డకు పాలివ్వాలని ఇచ్చే సెలవు కాదు అది. నేను అంటు కాబట్టి వాళ్లను వాళ్లు కాపాడుకునే రోజులు. వాటినే నాకు ఇచ్చిన దానంగా చూపిస్తున్నాడు.

"సర్కారు చట్టం ఆరునెలలు అంటది సార్."

"ఆ చట్టం దుకాన్లకు, ఫ్యాక్టరీలకు. మనది ధర్మసంస్థ. మనకు మినహాయింపు ఉన్నది."

"ఏడున్నది సార్? ఎవరిచ్చిండ్రు?"

"నువ్వు సైన్సు చెప్తవు. సైన్సే చెప్పు. చట్టం చెప్పకు" అన్నాడు, అదే మెత్తని గొంతుతో. "కష్టమైతె సేవ ఇడిసిపెట్టు తల్లీ. దేవుడు ఎవర్నీ బలవంతం చెయ్యడు."

మినహాయింపు! ప్రసాదం తర్వాత ఆ ఆవరణలో నేను ఎక్కువగా విన్న మాట అదే. ఇంటి పన్ను దగ్గర మినహాయింపు. విరాళమిచ్చినవాళ్లకు పన్నులో మినహాయింపు, ఆ సంగతి గేటు మీదే పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. సర్కారు ఇచ్చే ప్రతి తగ్గింపుకూ వీళ్లు సర్కారు చట్టంలోని మనుషులే. అర్జీ పెడతారు, ఆఫీసుల చుట్టూ తిరుగుతారు, తెచ్చుకుంటారు. పనిచేసే ఆడదానికి ఏదైనా ఇవ్వమని అదే సర్కారు చెబితే మాత్రం వీళ్లు ఒక్కసారిగా ఈ లోకం వాళ్లు కాకుండా పోతారు. ఓట్ల రోజు అందరికీ సెలవివ్వాలని సర్కారు చెప్పినప్పుడు ఏం చేశారో తెలుసా? సెలవిచ్చారు. ఇచ్చి, ఆ రోజే ప్రత్యేక భజన పెట్టి, సెలవే కదా సేవకు రండి అని కబురు పంపారు. వెళ్లాం.

ఇంట్లో చెబితే మా అత్త చెవులు మూసుకుంది. "దేవర జొతె జగళ బేడమ్మా" అంది. దేవుడితో పోట్లాట వద్దని. నేను పోట్లాడుతున్నది దేవుడితో కాదు, పెన్షన్ తీసుకునే మనిషితో అన్నాను. ఆమెకు ఆ రెండూ వేరని అనిపించలేదు. మా ఆయన మంచివాడే. "నేనున్న కద, ఇడిసిపెట్టు, ఇంట్ల ఉండు" అన్నాడు. మంచివాళ్లు కూడా అదే చెబుతారు. ఇడిసిపెట్టు!

నా పక్షాన మొదట మాట్లాడింది, మేమంతా ఆపా, అంటే అక్క, అని పిలిచే ఆమె. సంస్థ ఆవరణలోనే ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే గది ఉంది, అక్కడ ఆమె నేర్పించేది. ముస్లింల ఇంటి మనిషి, నా కన్నా చాలా పెద్దది, మనవళ్లు కూడా ఉన్నారు. నెల సాయంత్రం ఆమెనూ హాల్లోకి పిలిచేవాళ్లు. ఆమె కవరుకు మాత్రం పసుపు ఉండదు. దాన్ని పళ్లెం అంచుకు విడిగా పెట్టేవాళ్లు. ఆమె లేచి వెళ్లి, తీసుకుని, సలాం చేసి, మామూలుగా నడిచి వచ్చేది.

నా సంగతి విని ఆమె మిషన్ ఆపింది. "నా బిడ్డ హైదరాబాద్‌ల మందుల కంపెనీల చేస్తది. దానికి ఆరునెలలు ఇచ్చిండ్రు. మీ దేవుడు కంపెనీకంటె గరీబా ఏంది?" అంది. ఎన్నో రోజుల తర్వాత ఆ రోజు నవ్వాను. తర్వాత ఆమే తన కూతురికి ఫోన్ చేసి, ఎవరికి ఫిర్యాదు చేయాలో కనుక్కుని నాకు చెప్పింది. కార్మికశాఖ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టాను.

అధికారి వస్తున్నాడని తెలిశాక నేను వంటింట్లోవాళ్లతో, తోటి టీచర్లతో మాట్లాడాను. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఎవరూ మొహం తిప్పుకోలేదు. వంటింటికి పెద్ద, సిర్గాపూర్ నుంచి వచ్చిన ఒక అవ్వ. ఆమె భర్త హైదరాబాద్‌లో కూలిపనికి పోయి, కడుతున్న బంగళా మీద నుంచి పడి చనిపోయాడు. అప్పటి నుంచి ఇక్కడే వండుతోంది. నేను కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు నుంచి మెంతికూర పప్పు గిన్నెలో దాచి, పిల్లలు చూడకుండా నాకు పంపేది. ఆమె నా చేయి పట్టుకుని "నువ్వు పరేషాన్ గాకు బిడ్డా. ఆ సారుకు మేం అందరం మంచిగ చెప్తం" అంది. ఆ మాట నమ్మి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

అధికారి జీపులో వచ్చాడు. గేటు దగ్గరే చెప్పులు విడిచాడు. బొట్టు పెట్టించుకున్నాడు. ముందు భోజనం పెట్టారు, తిన్నాడు. అది చూస్తూనే ఇతనూ వాళ్ల మనిషే అనుకున్నాను. కానీ మనిషి చెడ్డవాడు కాదు. తిన్నాక కార్యదర్శిని బయట కూర్చోమన్నాడు. "మీరుంటె వీళ్లు భయపడ్తరు" అన్నాడు. కార్యదర్శి వెంటనే లేచి, నవ్వుతూ బయటికి పోయాడు. ఆయనకు తెలుసు. మా గురించి మాకన్నా ఆయనకే బాగా తెలుసు.

భోజనాల హాల్లో ఒక కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, అధికారి ఒక్కొక్కరినే పిలిచాడు. మొదట అవ్వ వచ్చింది.

"నీకు జీతం ఎంతవ్వా?"

అవ్వ నాలుక కరుచుకుని చెంపలు వేసుకుంది. "జీతమెక్కడిది సారూ. దేవుని ప్రసాదం. అదే తిని బతుకుతున్న."

"మరి ఈడ పని చేస్తున్నవు కద?"

"పనేంది సారూ, సేవ. నా అదృష్టం. ఈ బిడ్డ సుత మస్తు సేవ చేస్తది సారూ, మంచిది" అని నన్ను చూపించి, కళ్లతోనే ధైర్యం చెప్పి వెళ్లిపోయింది.

తర్వాత వచ్చినవాళ్లందరూ అదే. ఊడ్చే ఆమె, హాస్టల్ చూసే ఆమె, గోశాల దగ్గర పేడ ఎత్తే ఆమె. జీతం కాదు సార్, ప్రసాదం. పని కాదు సార్, సేవ. పక్కన నా గురించి ఒక మంచి మాట. వాళ్లను నేను ఎలాగో అర్థం చేసుకోగలను. కానీ నాతోపాటు బి.ఎడ్. చేసిన తోటి టీచర్లు! స్టాఫ్ రూమ్‌లో కవరు చించి, తమలపాకు అవతల పారేసి, ఇదీ ఒక జీతమేనా అని నోరారా తిట్టుకునేవాళ్లు! వాళ్లు కూడా అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, గౌరవంగా దేవుడిచ్చింది తీసుకుంటాం సార్ అన్నారు. బెదిరించడానికి ఎవరూ లేరు. తలుపు మూసి ఉంది. అయినా ఎవరి నోటా ఆ ఒక్క మాట రాలేదు.

చివరికి ఆపా వచ్చింది. కూర్చోమనకుండానే కూర్చుంది.

"మీకు జీతం ఇస్తరా అమ్మా?"

"ఇస్తరు సార్. జీతమే. దుకాన్ల కుట్టుపని ఇడిసిపెట్టి వచ్చిన. జీతం లేకుంటె ఎందుకొస్త?" అంది. అని నా వైపు చూసి "ఈమెకు సుత జీతమే. అందరికి జీతమే. పొద్దుగాల నుంచి పొద్దుగూకేదాక చేస్తరు. జర వాళ్ల చేతులు చూడుండ్రి సార్" అంది.

అధికారి కార్యదర్శిని లోపలికి పిలిచాడు. ఆపా చెప్పింది వినిపించాడు. కార్యదర్శికి కోపం రాలేదు, జాలి కలిగింది. "పాపం, ఆమె మన ధర్మం కాదు గద సార్. సేవంటె ఆమెకేం తెలుస్తది?" అన్నాడు. అధికారి తలూపాడు. ఆ తల ఊపడం నేను చచ్చేదాకా మరచిపోను. అబద్ధం చెప్పినవాళ్లందరూ భక్తులయ్యారు. నిజం చెప్పిన ఒక్క మనిషి పరాయిదయింది.

"చూడమ్మా" అన్నాడు నాతో. "చట్టం మీకు వర్తించదని నేనంటలేను. కాని పని చేసేటోళ్లు కనీసం పది మంది ఉండాలె. ఈడ జీతానికి చేస్తున్నమని చెప్పింది నువ్వు, ఆమె. ఇద్దరే. కడమోళ్లందరు సేవకులమన్నరు. వాళ్ల నోటితోని వాళ్లే చెప్పినంక నేనేం జెయ్యాలె? కావాల్నంటె పై ఆఫీసుకు అప్పీలు పెట్టుకో. సంగారెడ్డికి రావాలె."

అంత పెద్ద సంస్థ. బడి, హాస్టల్, వంటశాల, గోశాల. వేళకు గంట కొడితే బిలబిలా వచ్చే పిల్లలకు అన్నీ అమిరేవి. అందులో పని చేసే మనుషులం ఇద్దరమే అట! మిగతాదంతా దానంతట అదే జరుగుతోంది కాబోలు. అన్నం దానంతట అదే ఉడుకుతోంది, దొడ్లు వాటంతట అవే కడుక్కుంటున్నాయి. పకపకా నవ్వాలనిపించింది. కడుపులో బిడ్డ కదిలింది. చేయి పెట్టుకుని కూర్చుండిపోయాను. సంగారెడ్డికి బస్సులో పోయి ఆ రోడ్డు మీద కుదుపులు తినే స్థితిలో నేను లేను. ఆ సంగతి ఆయనకు చెప్పాను. అయ్యో అన్నాడు. అంతటితో అయిపోయింది.

బయటికొస్తే వసారాలో అవ్వ నా కోసం కాచుకుని ఉంది. మొహం వెలిగిపోతోంది. "మంచిగనే చెప్పిన బిడ్డా. సంస్థను ఒక్క మాట సుత తప్పుగ అనలే. సార్లు ఖుష్ అయితరు. ఇగ నీకు సెలవిస్తరు" అంది.

వాళ్లందరూ అలాగే అనుకున్నారని అప్పుడు తెలిసింది. ఆ మనిషి తప్పులు వెతకడానికి వచ్చాడనీ, తప్పేమీ లేదని చెబితే కార్యదర్శి మనసు కరిగి నాకు సెలవు దొరుకుతుందనీ అందరూ కూడబలుక్కున్నారు. నా మేలు కోరే, నా గొంతు కోశారు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ ముసలిదాన్ని రెండు భుజాలూ పట్టి ఊపేయాలనిపించింది. ఆమెను దాటుకుని ఇంటికొచ్చాను. తర్వాత ఆమె పంపిన గిన్నెను మూత కూడా తీయకుండా వెనక్కి పంపాను.

ఆరో నెల పడగానే మంచం ఎక్కాను. నన్ను తీసేశామని ఎవరూ చెప్పలేదు. సేవకురాలిని తీసేయడమేమిటి? కార్యదర్శి మా అత్తకు ఫోన్ చేసి, కోడల్ని విశ్రాంతి తీసుకోమనండి, దేవుడి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి అన్నాడు. ఆమె ఫోన్ పెట్టి, ఎంత మంచి మనిషి అని కళ్లు తుడుచుకుంది. మర్నాటికి నా క్లాసులో వేరే టీచర్ ఉంది. కుట్టుపని గదికి మరమ్మతులని తాళం వేశారు. ఆ మరమ్మతులు ఇప్పటికీ అవుతూనే ఉన్నాయి. ఆపా బజారులో ఒక షట్టర్ ముందు మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతోంది. నా వల్ల నీకిలా అయిందని నేనంటే "నీ వల్ల ఏంది? నేను జూట్ చెప్తనా?" అని తిట్టింది.

ఖేడ్ పెద్దదవాఖానలోనే నాకు ఆడపిల్ల పుట్టింది. బతికింది. గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను ఎన్ని దేవుళ్లకు దండం పెట్టానో నాకే తెలియదు.

పాప పాకడం మొదలుపెట్టాక కార్యదర్శి దగ్గరికి వెళ్లాను. నా ఉద్యోగం నాకు కావాలి. ఇంట్లో ఊరికే కూర్చుని, ఆ బడి గంట వింటూ రోజులు గడపడం నాకు చేతకాలేదు. ఆయన చాలా ప్రేమగా మాట్లాడాడు. పాప పేరు అడిగాడు. "క్లాసుకు ఎందుకు రానియ్యం తల్లీ? తప్పకుంట రా. ఒక్క చిన్న పని చెయ్యి. రేపు ప్రార్థన అయినంక అందరి ముంగట ఒక్క మాట అను. ఇది సేవ, జీతం కాదు అని. అంతే" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ మాట అనడానికే వెళ్లాను. నోటి మాటే కదా, పోయేదేముందని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. పాపను అత్త దగ్గర వదిలి వెళ్లి హాల్లో కూర్చున్నాను. నన్ను చూసి అందరి మొహాలూ విచ్చుకున్నాయి. మళ్లీ వచ్చిందని సంతోషం. టీచర్ల వరుసలో నా చోట కొత్త టీచర్ కూర్చుని ఉంది. చిన్నపిల్ల. చేతుల నిండా గాజులు, మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. ప్రార్థన అయింది. కార్యదర్శి నన్ను లేవమన్నాడు.

లేచాను. ఆ పిల్ల నా వైపే చూస్తోంది. ఏడాదో రెండేళ్లో గడిస్తే ఈ పిల్ల కూడా ఆయన గదికి వెళ్లి నిలబడుతుంది. అప్పుడు ఆయన, ఫలానా టీచరమ్మ కూడా అందరి ముందు ఒప్పుకుంది కదా అని నన్నే చూపిస్తాడు. నా నోరే ఆమెకు అడ్డం పెడతాడు. అది తట్టగానే నాకు కాళ్ల నుంచి తల దాకా మంట పుట్టింది.

"నేను ఈడ పని చేసిన" అన్నాను. "దానికి జీతం తీసుకున్న. ప్రసాదమైతె అందరికి ఒక్క తీరుగ పెడ్తరు. ఎండల నిలవడ్డోనికి, కారుల వచ్చినోనికి ఒక్కటే పెడ్తరు. మరి వంటింటి అవ్వ కవరు పల్చగ, ఆఫీసుల మీ అల్లుని కవరు మందంగ ఎందుకుంటది సార్? దేవుడు మనిషిని చూసి పెడ్తడా?"

కార్యదర్శి మొహంలో ఆ మెత్తదనం మొదటిసారి పోయింది. "ఇగ పోమ్మా" అన్నాడు. దేవుడి పటానికి ఒక దండం పెట్టి, మామూలుగా తిరిగి, నడిచి బయటికొచ్చాను.

గేటు దాకా వచ్చేసరికి వెనక నుంచి "బిడ్డా, నిలువు" అని వినిపించింది. అవ్వ. చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ, ఆయాసపడుతూ వస్తోంది. నన్ను తిట్టడానికి వస్తోందనుకున్నాను. తిడితే తిరిగి నాలుగు అనడానికి నా దగ్గర నెలల తరబడి దాచిన కోపం ఉంది.

దగ్గరికొచ్చి చుట్టూ చూసింది. "నువ్వన్నది నిజమేనా? అది జీతమేనా?"

"జీతమే."

"అయితె నేను చేసేది పనేనా?"

"పనే. ఇంకేంది?"

ఆమె గేటు పట్టుకుంది. ఆ వేళ్ల మీద కాలిన మచ్చలు, వాటి మీద మళ్లీ కాలిన మచ్చలు. తర్వాత చాలా చిన్న గొంతుతో అడిగింది. "మరి మా ఇంటాయనకు ముట్టలేదా బిడ్డా?"

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. ఆయన పడి చనిపోయి, తాను ఇక్కడికొచ్చిన కొత్తలో కార్యదర్శి చెప్పాడట. అట్లా దెబ్బ తగిలి పోయిన మనిషికి శాంతి ఉండదు, నువ్వు ఇక్కడ సేవ చేస్తే ఆ పుణ్యం ఆయనకు ముడుతుంది అని. జీతం అనుకుని చేస్తే మాత్రం ముట్టదు, పైసలతోనే తీరిపోతుంది అని కూడా చెప్పాడట. అప్పటి నుంచి ఆమె పొయ్యి వెలిగించే ముందు రోజూ ఆయన పేరు తలుచుకుని వెలిగిస్తోంది. అధికారి జీతమెంత అని అడిగితే చెంపలు వేసుకున్నది అందుకు. జీతమంటే తన భర్త నోటి దగ్గరి ముద్ద తాను లాగేసినట్టవుతుందని భయం.

నెలల తరబడి ఆమె మీద మోసిన కోపం నాలో ఎక్కడ వెతికినా కనిపించలేదు. కానీ నేను చల్లబడలేదు. అంతకు పదింతలు మండింది. చచ్చిపోయిన మనిషిని అడ్డం పెట్టి, బతికున్న మనిషి చేత ఇన్నేళ్లు చాకిరీ చేయించుకున్నారు. ఆమె దుఃఖాన్ని కూడా వదల్లేదు, దానికీ ఒక మినహాయింపు రాసుకున్నారు.

"ముట్టింది అవ్వా" అన్నాను. "పొగల నిలవడ్డది నువ్వు. అన్నం పెట్టింది నువ్వు. పుణ్యం నీదే, జీతం నీదే. ఒకటి తీసుకుంటె ఇంకొకటి ఎందుకు పోతది? గట్ల పోతదని చెప్పినాయన ఆయన పింఛను ఇడిసిపెట్టిండా?"

అవ్వ ఆ మాటను లోపల్లోపల తిప్పుకుంటున్నట్టు నిలబడింది. వంటింట్లోంచి ఎవరో పిలిచారు. పప్పు అడుగంటుతుందని వెనక్కి తిరిగి, రెండడుగులు వేసి ఆగింది.

"ఆ సారు మళ్ల వస్తడా?" అంది. "మా ఇంటాయనకు ముడుతదంటె, ఈసారి పనే అని చెప్త."

గేటు మూసుకుని లోపలికి పోయింది. నేను రోడ్డు మీద నిలబడి కోపంతో ఏడ్చాను. తర్వాత ఇంటికొచ్చి, పాపకు పాలిచ్చి, మళ్లీ ఫిర్యాదు చేయడానికి కార్మికశాఖ ఆఫీసుకు ఫోన్ చేశాను.